శ్రోత రోజూ మారే ఊళ్లో కచేరీ

2000 సంవత్సరానికి అటూ ఇటూగా తిరుపతిలో సంగీతానికి ఉన్న వసతులు చూస్తే ఏ ఊరివాళ్లకైనా కన్ను కుట్టాలి. టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, నాదస్వరం నేర్పే పాఠశాల. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ. ఆకాశవాణి కేంద్రం. 1978లో మొదలైన అన్నమాచార్య ప్రాజెక్టు, అందులో నెలజీతం మీద పాడే గాయకులు, వాయించే పక్కవాద్యాలవాళ్లు. పాటలు రికార్డు చేసి క్యాసెట్లుగా అమ్మే ఏర్పాటు. కింద అన్నమాచార్య కళామందిరం, త్యాగరాజ మంటపం. కొండమీద ఆస్థాన మండపం. వీటన్నిటి వెనక డబ్బుకు తడుముకోనక్కర్లేని దేవస్థానం.

మరి ఈ ఊళ్లోనే కాపురం ఉండి, కచేరీ గాయకులుగా దక్షిణాది అంతటా పేరు మోసినవాళ్లు ఎంతమంది? వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. రెండో చెయ్యి అక్కర్లేదు.

ఈ మాట ఎత్తితే ఊళ్లో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, దేవస్థానం ఉద్యోగాలిచ్చి గాయకులను సోమరులను చేసిందని. రెండోది, మద్రాసువాళ్లు తెలుగువాళ్లను ఎదగనివ్వరని. రెంటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది కాబట్టే ఇన్నేళ్లుగా నడుస్తున్నాయి. కానీ ఉద్యోగం ఉన్నవాళ్లు మద్రాసులోనూ ఉన్నారు. బ్యాంకుల్లో, రేడియోలో, కాలేజీల్లో పనిచేస్తూ పెద్ద కచేరీలు చేసినవాళ్లకు అక్కడ కొదవలేదు. అక్కడి మ్యూజిక్ అకాడమీ తన పెద్ద బిరుదు సంగీత కళానిధిని బాలమురళీకృష్ణకు 1978లో, నేదునూరి కృష్ణమూర్తికి 1991లో ఇచ్చింది కూడా. కాబట్టి ఈ రెండు జవాబులు ముడి విప్పవు. నన్నడిగితే అసలు చిక్కు శ్రోత దగ్గరుంది. తిరుపతిలో వేదికలకు లోటులేదు, వినేవాళ్లకూ లోటులేదు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ వచ్చి వినడానికే లోటు.

కచేరీ గాయకుడి జీవితం ఎలా పెరుగుతుందో చూస్తే ఇది అర్థమవుతుంది. వర్ణంతో మొదలుపెట్టి, చిన్నవీ పెద్దవీ కృతులు పాడి, ఒక రాగాన్ని ప్రధానంగా విస్తరించి, మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనానికి వదిలి, చివర తేలికపాటి పాటలతో ముగించే పద్ధతి మరీ పాతదేం కాదు. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) దాన్ని కుదురుపరచి వాడుకలో పెట్టారని సంగీత లోకం చెప్పుకుంటుంది. రెండున్నర మూడు గంటల ఆ కచేరీలో సాహిత్యం పాడేది కొంతసేపే. మిగతాది మనోధర్మం: మాటల్లేకుండా రాగాన్ని విప్పే ఆలాపన, ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడే నెరవల్, స్వరాలతో అల్లే స్వరకల్పన, ఓపికుంటే ఇవన్నీ కలిసిన పెద్ద అంశం రాగం తానం పల్లవి. అంటే వేదిక మీద అప్పటికప్పుడు పుట్టేదే ఎక్కువ.

అప్పటికప్పుడు పుట్టేదాన్ని తూచాలంటే, ఇంతకుముందు పుట్టినదాన్ని విన్నవాళ్లు కావాలి. "పోయినేడు ఈవిడ కాంభోజి ఇంత నిదానంగా పాడలేదు, ఈసారి మంద్రంలో నిలబడింది" అని పక్కవాడితో అనగల మనిషి కావాలి. అలాంటివాళ్లు ఒక హాల్లో యాభైమంది ఉంటే గాయకుడికి భయం, ఆ భయంతో సాధన, ఆ సాధనతో పేరు. మద్రాసులో సంగీత సభలన్నీ కచేరీలు పెట్టే డిసెంబరు సీజన్‌కున్న బలం కట్టడాల్లో లేదు, ఈ జ్ఞాపకంలో ఉంది. అక్కడ కొత్త గాయకుడు మధ్యాహ్నం వేళ, టికెట్ లేని కచేరీలో అడుగుపెడతాడు. బాగుంటే కొన్నేళ్లకు సాయంత్రానికి జరుగుతాడు, ఇంకొన్నేళ్లకు ప్రధాన కచేరీ దక్కుతుంది. పైమెట్టు ఎక్కించే కమిటీలో రాజకీయాలు లేవని ఎవరూ అనరు. అయినా కింద కూర్చున్న మామలు, మామీలు గుర్తుపెట్టుకోకపోతే కమిటీ ఒక్కటే ఎవరినీ పైకెత్తలేదు.

తిరుపతిలో వినేవాళ్లు యాత్రికులు. ఇవాళ కొండమీద రోజుకు సగటున 60 వేలకు పైగా దర్శనాలు. అప్పట్లో ఇంతకంటే తక్కువే అయినా, ఏ సాయంత్రమైనా వేదిక ముందు కూర్చున్నవాళ్లు మర్నాటికి ఊళ్లో ఉండరు. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం, సేలం నుంచి వచ్చిన కుటుంబం, రాయచూరు నుంచి వచ్చిన కుటుంబం పక్కపక్కన కూర్చుంటాయి. వాళ్లు సంగీతం తెలియనివాళ్లని కాదు. వాళ్లలో మహారసికులూ ఉంటారు. కానీ దర్శనం టైము దగ్గరపడితే లేవాలి, పిల్లవాడికి ఆకలైతే లేవాలి, గది ఖాళీ చేసే వేళైతే లేవాలి. తోడి ఆలాపన ఎత్తుకున్నప్పుడు కూర్చున్నవాళ్లు, అది షడ్జానికి చేరేసరికి వేరేవాళ్లు. పాడేవాళ్లకు ఈ సంగతి మూడో కచేరీకే తెలిసిపోతుంది. అప్పటినుంచి గొంతు తనంతట తానే మారుతుంది. ఆలాపన నాలుగు నిమిషాలకు కుదించుకుపోతుంది. మొదటి పాటే అందరికీ తెలిసినదై ఉంటుంది. స్వరకల్పన ఒక్క పాటకే పరిమితమవుతుంది, అదీ మధ్యమకాలంలో. పల్లవి ఇంట్లోనే ఉండిపోతుంది.

ఇలాంటి ఊళ్లో పేరు రాదని ఊరు విడిచి వెళ్లడం మాత్రం ఈ తరంతో మొదలైంది కాదు. అంతకుముందు శతాబ్ది మలుపు దగ్గర కూడా ఈ ప్రాంతంలో సంగీతం లేకపోలేదు. కార్వేటినగరం సంస్థానం వాగ్గేయకారుడు సారంగపాణి పదాలకు పుట్టిల్లు. తిరుపతి నారాయణస్వామి (1873–1912) కృతులు ఇప్పటికీ కచేరీల్లో వినిపిస్తాయి. కొండ గుడి అప్పట్లో హథీరాంజీ మఠం మహంతుల పాలనలో ఉండేది, 1843 నుంచి 1933 దాకా. గుళ్లో నాదస్వరం ఉండేది, దేవదాసీల పాట, ఆట ఉండేవి. కానీ కచేరీ విద్వాంసుడిగా ఎదగాలనుకున్న కుర్రవాడికి దారి తూర్పుకే. చిత్తూరు జిల్లాలో పుట్టిన సుబ్రహ్మణ్య పిళ్లై (1898–1975) కాంచీపురం వెళ్లి నాయనా పిళ్లై దగ్గర శిష్యరికం చేశారు. లయలో ఆయనకు ఎదురులేదనిపించుకున్నారు, 1954లో సంగీత కళానిధి అయ్యారు, మదురై సోమసుందరం వంటి శిష్యులను తయారుచేశారు. పేరు ముందు చిత్తూరు నిలిచింది, జీవితం చాలావరకు అరవదేశంలో నడిచింది. ఇంకొకరు నాగయ్య. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పాడి ఎదిగి, 1938లో సినిమాలకు వెళ్లిపోయి చిత్తూరు నాగయ్య అయ్యారు. సంప్రదాయ సంగీతం నేర్చిన గొంతుకు నాటకమూ సినిమా ఇచ్చినంత అన్నం కచేరీ పెట్టదని అప్పటికే తేలింది.

ఇక 1978 తర్వాతి కథకు వద్దాం. ఇక్కడ ఆగాల్సిన విషయం చాలా ఉంది.

అన్నమాచార్యులు (1408–1503) ముప్పైరెండు వేల సంకీర్తనలు చెప్పారని ప్రతీతి. రాగిరేకుల మీద మనకు దక్కినవి పన్నెండు వేలకు పైన. తిరుమల గుళ్లోని సంకీర్తన భాండారంలో నాలుగు శతాబ్దాలపాటు పడి ఉన్న రేకులను 1920లలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వెలుగులోకి తెచ్చారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్లు పరిష్కరించి అచ్చు వేయించారు. రేకులమీద సాహిత్యం ఉంది, పాట నెత్తిన రాగం పేరు ఉంది. స్వరం లేదు. తాళం లేదు. ఉన్న రాగాల్లో కూడా శ్రీరాగం, ముఖారి, బౌళి లాంటివి మనకు తెలిసినవే గానీ, కొండమలహరి, దేశాక్షి, గుండక్రియ, సాళంగనాట లాంటివి కొన్ని వాడుక తప్పాయి, కొన్ని పేరు మాత్రం మిగిలి నడక మారిపోయాయి. అంటే చేతికొచ్చింది వేల పాటల మాట మాత్రమే.

వాటికి వరస కట్టే పని మొదలుపెట్టినవాళ్లలో రాళ్లపల్లి పెద్ద. మైసూరులో తెలుగు పాఠాలు చెప్పిన పండితుడు, సంగీతంలోనూ అంతటి విద్వాంసుడు. ఆయన కట్టిన వరసల్లో కవిత ముందు నడుస్తుంది, రాగం దాని వెనక వస్తుంది. బాలమురళీకృష్ణ కట్టినవి ఆయన గొంతులాగే ఉంటాయి. నేదునూరి చేసింది వేరు. ఆయన తిరుపతి సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు, దేవస్థానం ఆస్థాన విద్వాంసులు. కచేరీలో త్యాగరాజ కృతి పక్కన కూర్చోబెట్టినా తలదించుకోని సంకీర్తన కావాలన్నది ఆయన పట్టుదల అని ఆ వరసలు వింటే తెలుస్తుంది.

ఆ పట్టుదల ఎందుకు కావలసి వచ్చిందంటే, సంకీర్తనకూ కృతికీ ఒళ్లు వేరు. కృతికి పల్లవి, అనుపల్లవి, చరణం. సంగతి మీద సంగతి వేసుకుంటూ ఒకే మాటను పదిరకాలుగా తిప్పుతారు. అనుపల్లవి వరస చరణం చివర తిరిగొచ్చి ముడి వేస్తుంది. సంకీర్తనకు చాలావరకు పల్లవి, ఆ తర్వాత మూడు చరణాలు. మూడింటికీ అదే వరస. మాటలు ఎక్కువ, అర్థం చరణం చరణానికీ ముందుకు కదులుతుంది. మధ్యలో ఒక పాదం పట్టుకుని పది నిమిషాలు నెరవల్ చేస్తే కవి చెప్పే మాట తెగిపోతుంది. చేయకపోతే కచేరీ గాయకుడి చేతికి పని లేదు. నేదునూరి కొన్ని పాటలకు సంగతులు పెట్టి, రాగం విప్పడానికి జాగా వదిలి కట్టారు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి 1980 ప్రాంతంలో దేవస్థానం కోసం బాలాజీ పంచరత్నమాల పేరుతో ఐదు ఎల్పీ రికార్డులు పాడారు. అందులోని అన్నమయ్య పాటల్లో నేదునూరి వరసలూ ఉన్నాయి. ఆ రికార్డుల తర్వాత అన్నమయ్య తమిళ సభల్లోకి కూడా వెళ్లాడు. చాలావరకు కచేరీ చివర, తేలికపాటి పాటల వరసలో. ప్రధాన స్థానం అక్కడ ఇప్పటికీ అరుదే. తిరుపతిలో పూర్ణకుంభం కూడలిలో ఎమ్మెస్ విగ్రహం తంబూరా పట్టుకుని కూర్చుని ఉంది. ఒక కచేరీ గాయనికి ఊరి కూడలిలో విగ్రహం పెట్టిన ఊరు మనది. ఆ గౌరవం కచేరీకా, సుప్రభాతానికా అని అడిగితే మాత్రం ఎవరూ తడుముకోరు.

ఈ మధ్యలో గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వచ్చారు. రాజమండ్రి మనిషి, నేదునూరి శిష్యరికం, 1978లోనే ప్రాజెక్టులో చేరారు. 2006 దాకా అక్కడే ఉద్యోగం. ఆరువందలకు పైగా సంకీర్తనలకు వరసలు కట్టారు, 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూశారు. కచేరీ విద్య పూర్తిగా ఉన్న మనిషి కచేరీకి బదులు ఏం చేయవచ్చో ఆయన జీవితం చెబుతుంది. రాగం చెడకుండా, మాట మింగకుండా, జనం వెంట పాడుకోగలిగేలా, ఐదారు నిమిషాల్లో ముగిసే పాట. దాన్ని భజన అనలేం, లలిత సంగీతమూ కాదు. లేచిపోబోతున్న యాత్రికుణ్ణి ఇంకో పాటదాకా కూర్చోబెట్టగల రూపం అది. ఇది దిగజారడమని పెదవి విరిచినవాళ్లను నేను ఎరుగుదును. నాకలా అనిపించదు. శ్రోత ఎవరో స్పష్టంగా తెలిసి, ఆ శ్రోతకు తగ్గట్టు విద్యను మలిచినవాళ్లు మన సంగీతంలో తక్కువమంది.

తర్వాతి తరానికి మాత్రం దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. ఆయనకు ముందు కచేరీ విద్య ఉంది, దాంట్లోంచి సంకీర్తన పుట్టింది. వెనక వచ్చినవాళ్లు చాలామంది నేరుగా సంకీర్తనతోనే మొదలుపెట్టారు. 1997లో అన్నమయ్య మీద సినిమా వచ్చాక ఆ తాకిడి ఇంకా పెరిగింది. సంగీతం నేర్పేవాళ్ల దగ్గరికి పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రులు సరళీస్వరాలు ఎప్పటికి అయిపోతాయి, అన్నమయ్య పాట ఎప్పుడు చెబుతారు అని అడగడం మొదలైంది. ఏటా అన్నమయ్య జయంతికి, వర్ధంతికి సప్తగిరి సంకీర్తనలనే ఏడు పాటల గోష్ఠిగానం ఉంటుంది కదా, అందులో కూర్చోగలిగితే చాలుననుకునే ఇళ్లు పెరిగాయి. వర్ణాన్ని మూడు కాలాల్లో పాడించే గురువు చాదస్తుడైపోయాడు.

ఇక డబ్బు సంగతి. 2000 ప్రాంతంలో తిరుపతి గాయని ఒకామె, దేవస్థానం ఉద్యోగం లేనిది, ఎలా బతికేదో లెక్క చూద్దాం. కచేరీకి వచ్చే సంభావన ఆమె ఒక్కదానిది కాదు. వయొలిన్‌కు, మృదంగానికి, ఘటం పెట్టుకుంటే దానికీ పంచాలి. ప్రయాణం, తిండి పోను మిగిలేదానితో పట్టుచీర కూడా రాదు, ఆ చీర లేకుండా వేదిక ఎక్కలేదు. పక్కవాద్యాలవాళ్లలో చాలామంది ఉద్యోగస్థులు కాబట్టి వాళ్ల డ్యూటీలు చూసుకునే తేదీ ఇవ్వాలి. మృదంగం వాయించడానికి ఆడవాళ్ల కచేరీ అంటే మొహం చిట్లించే పెద్దలు అప్పటికి తగ్గారుగానీ పూర్తిగా పోలేదు. రాత్రి కచేరీ అయితే వెంట ఇంట్లోవాళ్లు ఒకరు రావాలి, అది ఇంకో టికెట్.

రేడియో కొంత ఆదుకునేది. ఆకాశవాణి గ్రేడు ఒక్కటే గాయకుల చేతిలో ఉండే అధికారిక ముద్ర. బి, బి హై, ఎ, ఆపైన టాప్. ఆడిషన్‌లో పేరు ఉండదు, నంబరే ఉంటుంది. స్థానికంగా వడపోసి, రికార్డింగు ఢిల్లీలోని ఆడిషన్ బోర్డుకు పోతుంది. పేరు, కులం, గురువు ఎవరో తెలియకుండా గొంతును మాత్రమే వినే చోటు మన సంగీతంలో అదొక్కటే కాబట్టి, దాని విలువ డబ్బు కంటే ఎక్కువ. కార్యక్రమాలు ఏడాదికి కొన్నే వస్తాయి, వాటి పారితోషికంతో ఇల్లు గడవదు. కానీ గ్రేడు ఉంటే కాలేజీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు పనికొస్తుంది, సభలకు రాసే ఉత్తరంలో పనికొస్తుంది. పెళ్లి పందిట్లో పాడినా వెనక బ్యానరు మీద "ఆకాశవాణి బి హై గ్రేడ్ కళాకారిణి" అని వేస్తారు. వధూవరుల పేర్ల కంటే పెద్ద అక్షరాలతో వేసిన బ్యానర్లు కూడా చూశాం. బి దగ్గర చేరి అక్కడే జీవితం గడిపేసినవాళ్లు చాలామంది. పై గ్రేడుకు కావలసింది గంటసేపు మనోధర్మం, రోజూ పాడేది ఐదు నిమిషాల పాట. రెంటికీ పొత్తు కుదరదు.

క్యాసెట్ల కాలం ఇంకొంత ఇచ్చింది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల, బస్టాండు దగ్గర దుకాణాల్లో పొద్దున్నే మోగే పాటల్లో ఊరి గొంతులు వినిపించేవి. కంపెనీలు సాధారణంగా ఒకేసారి మొత్తం ఇచ్చి చేతులు దులుపుకునేవి. క్యాసెట్ ఎన్ని వేలు అమ్ముడుపోయినా గాయకుడికి మళ్లీ పైసా రాదు. అదైనా ఎంతోకాలం లేదు. వంద పాటలు ఒకే ఎంపీ3 సీడీలో పట్టడం మొదలయ్యాక కొత్తగా రికార్డు చేయించే అవసరమే పోయింది. నిలకడగా మిగిలిన ఆదాయం ట్యూషన్లు. కాబట్టి 2000 నాటి తిరుపతి కచేరీ గాయని అంటే, నిజానికి పొద్దునా సాయంత్రం పిల్లలకు పాఠం చెబుతూ, మధ్యలో దొరికిన వేళ సాధన చేసుకునే టీచరు. గొంతు పగటిపూట పిల్లల శ్రుతిలో అరిగిపోయి, సాయంత్రం కచేరీకి సొంత శ్రుతి వెతుక్కుంటుంది.

దేవస్థానం వేదికల మీద ఇంకో సంకటం ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. శ్రీవారి సన్నిధిలో పాడటం సేవ. దేశంలో ఎంత పెద్ద విద్వాంసులైనా ఇక్కడ పాడే అవకాశం వస్తే సంభావన గురించి అడగరు. దారిఖర్చులు తామే పెట్టుకుని వచ్చి, శేషవస్త్రం కప్పించుకుని, ప్రసాదం కళ్లకద్దుకుని వెళతారు. అందులో తప్పేముంది, భక్తి అది. కానీ అదే వేదిక స్థానిక గాయకుడికి బతుకుతెరువు. పక్కింటివాడు ఉచితంగా, ఆనందంగా చేసే పనికి తాను కూలి అడగాలి. అడిగితే భక్తి లేదంటారు. అడగకపోతే మృదంగం ఆయనకు జేబులోంచి ఇవ్వాలి. మద్రాసు సభలో సీనియర్ విద్వాంసుడు రేటు పెంచితే కింద ఉన్నవాళ్ల రేటు కూడా కొంత లేస్తుంది. ఇక్కడ పెద్దవాళ్లు ఉచితంగా పాడితే కిందివాళ్లకు అడిగే నోరే పడిపోతుంది.

పైగా అందరికీ అవకాశం ఇవ్వాలి కాబట్టి వంతులు. ఒకసారి పాడినవాళ్లకు మళ్లీ ఎప్పుడో. ధర్మంగా ఆలోచిస్తే అదే సరి. దేవుడి ముందు పాడే హక్కు కొందరికే రాసివ్వకూడదు. సంగీతం ఎదుగుదల వైపు నుంచి చూస్తే మాత్రం, బాగా పాడినా అదే వంతు, సాదాగా పాడినా అదే వంతు. ఊంజల్ (ఉయ్యాల) సేవలో పాడేవాళ్లు హారతి వేళకు పాట ముగించాలి, రాగం మంచి పట్టులో ఉన్నా సరే. బ్రహ్మోత్సవాల్లో వాహనసేవ ముందు పాడేటప్పుడు జనం కళ్లు వాహనం మీద ఉంటాయి, ఉండాలి కూడా. అక్కడ సంగీతం అర్చనలో భాగం. దాన్ని కచేరీ కొలతలతో కొలవడం అన్యాయం. అయితే ఆ అర్చననే కచేరీ అని కరపత్రంలో వేసుకుని, అది చూపించి మద్రాసులో అవకాశం అడిగితే, ఆ లెక్క అక్కడ చెల్లలేదు.

మద్రాసు ఎంతో దూరం కాదు, దాదాపు 150 కిలోమీటర్లు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రేణిగుంట, పుత్తూరు, అరక్కోణం మీదుగా సెంట్రల్. ఆ రైల్లో తంబూరా పెట్టుకుని వెళ్లి పాఠం చెప్పించుకుని వచ్చినవాళ్లు చాలామంది. పాఠానికి వెళ్లడం సులువే. పేరు రావాలంటే అక్కడ కనబడుతూ ఉండాలి, తాను పాడని రోజుల్లో కూడా. ఇతరుల కచేరీలకు వెళ్లి ముందు వరసలో తాళం వేయాలి, క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ ఎవరి శంకరాభరణం ఎలా ఉందో మాట్లాడాలి, మృదంగం విద్వాంసుల ఇళ్లకు వెళ్లి రావాలి. సీజన్ నెల మొత్తం అక్కడే గది తీసుకోవాలి. తిరుపతిలో ట్యూషన్లు మానేసి నెలంతా అక్కడ ఉండగల ఇల్లాలు ఎంతమంది? ఒకటి రెండేళ్లు ప్రయత్నించి, ఒక మధ్యాహ్నం కచేరీ చేసి, "చక్కగా పాడావమ్మా" అనిపించుకుని వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ.

ఊళ్లో అసలు రసికులు లేరా అంటే, ఉన్నారు. త్యాగరాజ ఉత్సవాలకు ఏటా వచ్చి అదే కుర్చీలో కూర్చునే రిటైర్డ్ లెక్చరర్లు, కళాశాల పూర్వ విద్యార్థులు, వేదపాఠశాల పంతుళ్లు, తమిళం ఇంట్లో తెలుగు వీధిలో మాట్లాడే పాత తిరుపతి కుటుంబాలు. వాళ్ల ముందు పాడాలంటే బయటి గాయకులకు కూడా కాళ్లు వణికేవి. అయితే ఆ గుంపు చిన్నది, ఉత్సవం అయిపోతే మళ్లీ ఏడాది దాకా కలవదు.

2008లో దేవస్థానం సొంత భక్తి చానల్ ఎస్వీబీసీ వచ్చింది. మరుసటేడు కొండమీద గుడి ఎదుట నాదనీరాజనం అనే సంగీత కార్యక్రమం మొదలై, ప్రతి సాయంత్రం టీవీలో ప్రత్యక్షప్రసారమైంది. పైన చెప్పిన శ్రోత సమస్య దీంతో తీరుతుందని చాలామంది అనుకున్నారు. సగం తీరింది. ఒక గంట కార్యక్రమంతో గాయని మొహం విజయనగరంలోనూ, డల్లాస్‌లోనూ తెలిసింది. బంధువులు ఫోన్లు చేశారు. అమెరికా నుంచి పాఠాలు చెబుతారా అని అడిగారు. కంప్యూటర్ ముందు తెల్లవారుజామున కూర్చుని చెప్పే ఆ పాఠాలే తర్వాత చాలా ఇళ్లను నిలబెట్టాయి. ఊళ్లో ఏ కచేరీ ఇవ్వనంత ఆదాయం ఇచ్చాయి. కానీ అక్కడి పిల్లలు కూడా కోరేది అన్నమయ్య పాటే. పండక్కి, తానా సభలకు, గుడి వార్షికోత్సవానికి పాడుకోవడానికి. కెమెరా ముందు గంటలో పది పాటలు పాడాలి, ఆలాపన ఎక్కువైతే చానల్ మారుతుంది. యూట్యూబ్ వచ్చాక శ్రోతకు జ్ఞాపకం తిరిగొచ్చింది, అదే పాటను పదిసార్లు వినొచ్చు, నిరుటి పాటతో పోల్చొచ్చు. అయితే పోలికకు దొరికేది ఐదు నిమిషాల ముక్క. మూడు గంటలు కూర్చుని, ఒక రాగం కుదరక తడబడి, మళ్లీ పట్టు దొరికి లేచే గాయని అందులో కనబడదు.

దీనికి మందు లేదని నేననుకోను. కొండమీద కాదు, కింద, యాత్రికుల దారికి పక్కగా ఒక చిన్న హాలు కావాలి. నెలకొక కచేరీ, మూడు గంటలు, మైకు లేకపోయినా పర్లేదు. పాడేవాళ్లు ఎవరైనా ఒక రాగం తానం పల్లవి పాడి తీరాలి. ఊరి గాయకులకు ఏడాదిలో రెండుసార్లయినా అదే మనుషుల ముందు అవకాశం రావాలి, బాగా పాడినవాళ్లకు మూడోసారి కూడా. వంతు కాదు, ఎంపిక. ఆ ఎంపిక చేసేది వచ్చి కూర్చునే నలభైమందే అయితే ఇంకా మంచిది. హాళ్లకు కొరతలేదు. పాడేవాళ్లకూ లేదు, కళాశాల నుంచి ఏటా డిప్లొమాలు పట్టుకుని వస్తూనే ఉన్నారు. ఖర్చు కూడా పెద్దదేం కాదు, ఇద్దరు పక్కవాద్యాలవాళ్లకు ఇచ్చేంత. అదైనా రావాలంటే మనిషికి వంద రూపాయలో, నూటయాభయ్యో టికెట్ పెట్టాలి. ఈ మాట ఎక్కడ ఎత్తినా ఎదురయ్యేది ఒకే ప్రశ్న: "తిరుపతిలో పాట వినడానికి టికెట్టా?"